నేను మొక్కుకోని మొక్కు

మా తెలుగువాళ్ల సంఘం పిల్లలు పోయిన నెల ఇంటికొచ్చారు. సంఘం తరఫున ఒక పుస్తకం వేస్తున్నారట. "తాతా, నువ్వు ముప్పై ఏండ్లు సాంచాల మీద పని చేసినవ్ గదా. గదంతా రాసియ్యి. అప్పట్ల ఎట్లుండెనో మాకు మాలూమ్ కావాలె" అన్నాడు అందులో ఒకడు. సరేనన్నాను. తీరా కూర్చుంటే సాంచా గురించి రాయబుద్ధి కాలేదు. సాంచా అంటే మరమగ్గం. అది ఎలా ఆడుతుందో మీ ఫోన్‌లో నొక్కితే నాకంటే బాగా చూపిస్తారు. నేను నా కడుపు గురించి రాస్తాను.

నవ్వకండి. ఇరవై నాలుగు సాంచాల జబ్బులు కనిపెట్టిన మనిషిని నేను. నా ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టిన మరమ్మతు మాత్రం నా కడుపుదే. దానివల్ల ఒకసారి మనిషి ప్రాణం పోబోయింది, నా నౌకరీ పోబోయింది. ఏడేళ్లపాటు ఒక ముసలామెకు అబద్ధం చెప్పాను. ఇంత చేసినా ఆ జబ్బుకు ఇప్పటికీ పేరు లేదు. మీలో సగం మందికి తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. చదివి వినిపించేవాళ్లు కొంచెం నిదానంగా చదవండి.

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక సందు చివర మా కార్ఖానా. కింద సాంచాలు, పైన శేఠ్ ఇల్లు. శేఠ్, ఆయన తల్లి, కొడుకు, కోడలు అక్కడే ఉండేవాళ్లు. గుజరాతీలు. తల్లిని సందు సందంతా "బా" అనే పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. వాళ్లతో మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ మీకోసం తెలుగులో రాస్తున్నాను.

సాంచా నడిపేవాళ్లు వేరు, నేను వేరు. నేను మాస్టర్‌ని. సాంచా మొరాయిస్తే పానా పట్టుకుని వెళ్లి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నా పని. నాకు పని నేర్పిన ఉస్తాద్ మా కరీంనగర్ వైపు మనిషే. ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. "ఒక్కపారి ఒక్క నట్టే తిప్పు. రెండు తిప్పితే సాంచా బాగైనా గని దేంతోని బాగైందో నీకు ఎరుక గాదు." ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నలభై దాటిన తర్వాత మొదలైంది. మధ్యాహ్నం డబ్బా తిన్న అరగంటకు పొట్ట ఉబ్బి రాయిలా అయ్యేది. ఆ వెంటనే పరుగు. కార్ఖానా మొత్తానికి పాయిఖానా ఒకటే, అది సందు అవతల ఉండేది. నోట్లో ఎప్పుడూ పుండ్లు. సాయంత్రానికి కాళ్లు లాగేసేవి. అన్నిటికంటే చిరాకు పుట్టించింది మతిమరుపు. చేతిలో పానా పెట్టుకుని పానా కోసం వెతికేవాణ్ని. సాంచా ఆగిపోయి మాస్టర్ ఏడని ఎవరైనా అడిగితే, మా వాళ్లు "ఆఫీసుకు పోయిండు" అని చెప్పేవాళ్లు. పాయిఖానాకు వాళ్లు పెట్టుకున్న పేరది.

అక్కడ పనిచేసేవాళ్లలో నా భార్యకు వరుసకు తమ్ముడు ఒకడు ఉన్నాడు. నాకు బామ్మర్ది. నన్ను ఆటపట్టించే హక్కు తనకు పుట్టుకతో వచ్చిందని వాడి నమ్మకం. "ఏంది బావా, మల్ల ఉరుకుతున్నవ్? ఆఫీసుల హాజరు పట్టీ గిట్ల ఉన్నదా ఏంది?" అనేవాడు. వేడి చేసిందని సబ్జా గింజలు తెచ్చిచ్చిందీ వాడే. మందుల దుకాణం వాడు తెల్ల బిళ్లలు ఇచ్చాడు. నా భార్య దిష్టి తీసింది. సూరత్ నీళ్లు పడలేదని పక్కింటివాళ్లు తేల్చారు. కార్ఖానాలో కొందరు నేను చాటుగా తాగుతున్నానని కూడా అనుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. గుజరాత్‌లో మందు నిషేధమని మీకు తెలుసు, అది ఎక్కడ దొరుకుతుందో కూడా మీకు తెలుసు.

ఆ రోజుల్లో మా పెదనాన్న పోయాడని కబురొస్తే ఊరికి పోయి కర్మలన్నీ అయ్యేదాకా ఉన్నాను. పన్నెండు రోజులు అన్నం, జొన్నరొట్టె. కడుపు నాకు ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయాను. తిరిగొచ్చిన రోజు సాయంత్రం వేడి వేడి చపాతీలు తిన్నాను. మరునాడు మళ్లీ ఆఫీసు.

అప్పుడు నాలో మాస్టర్ లేచాడు. ఇది సాంచా అయితే ఏం చేసేవాణ్ని అనుకున్నాను. ఒక్కో నట్టు తిప్పడం మొదలుపెట్టాను. రెండు వారాలు డబ్బా నీళ్లు కొనుక్కుని తాగాను. తేడా లేదు. చాయ్ మానేశాను, తల నొప్పి వచ్చింది తప్ప తేడా లేదు. నూనె మార్చాం. మిరపకాయ తగ్గించాం. నా మూలనున్న స్తంభం మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాణ్ని, మంచి రోజుకు నిలువు గీత, చెడ్డ రోజుకు ఇంటూ. అవి సాంచాల లెక్కలనుకుని మావాళ్లు ఎవరూ చెరపలేదు. చివరికి మిగిలిన నట్టు చపాతీ.

ఇది నేను చివరిదాకా ముట్టుకోకపోవడానికి కారణం ఉంది. మా చిన్నప్పుడు చపాతీ అంటే చుట్టాలొస్తే చేసేది. జొన్నరొట్టె తినడం లేమి అనీ, చపాతీ తినడం బాగుపడటం అనీ మా మనసులో పడిపోయింది. సూరత్‌కు వచ్చాక పొద్దున చాయ్‌లోకి చపాతీ, మధ్యాహ్నం డబ్బాలో చపాతీ, సాయంత్రం మళ్లీ చపాతీ. బాగుపడ్డామని మురిసిపోయాం. బాగుపడటమే నాకు పడటం లేదని ఎలా అనుకుంటాను?

మానేసిన పది రోజులకు స్తంభం మీద నిలువు గీతలే ఎక్కువయ్యాయి. వారానికి ఒకటో రెండో ఇంటూలు మాత్రం ఎందుకు పడుతున్నాయో అంతుపట్టలేదు. అయినా పట్టుకున్నానన్న గర్వం. రెండు నెలలయ్యాక నా భార్య పోరు పెట్టింది. "డాక్టర్‌తోని ఒక్క మాట అనిపియ్యరాదయ్య. నీ సుద్దముక్కకు ఏమెరుక?" ఇంకో కారణం కూడా ఉంది. నేను మాటిమాటికీ పని వదిలి పోతున్నానని శేఠ్ అప్పటికే గుర్రుగా ఉన్నాడు. "రోగం ఉంటే డాక్టర్ చిట్ఠీ తీసుకురా. లేకపోతే మాస్టర్ పని ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు. గోధుమ పడదని నేను చెప్తే ఆయన నవ్వాడు. దేశమంతా తినే రొట్టె పడకపోవడమేమిటని ఆయన అనుమానం.

సర్కారు దవాఖానాలో ఒక కుర్ర డాక్టరమ్మ చూసింది. ఓపికగా అన్నీ అడిగింది. "నేనే కనిపెట్టాను మేడమ్, గోధుమ మానేసి రెండు నెలలైంది" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కలం పక్కన పెట్టింది.

"పరీక్షకు ముందే ఎందుకు మానేశారు?" అంది.

గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుందట. అది కొందరి ఒంటికి పడదు. అందులో ఒక రకం జబ్బు పేరు సీలియాక్. గ్లూటెన్‌తో ఒళ్లు చేసే పోరాటం రక్తంలో, పేగులో కనిపిస్తేనే ఆ జబ్బు ఉందని రాయగలరు. గోధుమ మానేస్తే పోరాటం ఆగిపోతుంది, పరీక్షలో ఏమీ దొరక్కపోవచ్చు. నాకు అర్థమైంది. సాంచా బంద్ చేసి, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వెతకమని నేను డాక్టర్‌ని అడుగుతున్నాను. రక్తం తీశారు, గొంతులోంచి గొట్టం వేసి చూశారు. అంతా శుభ్రంగా ఉంది.

"సీలియాక్ ఉందని రాయలేను. లేదని కూడా రాయలేను" అంది ఆమె. "గోధుమలో మీకు పడనిది ఇంకేదైనా కావచ్చు. తేలాలంటే ఆరు వారాలు రోజూ రెండు రొట్టెలు తిని మళ్లీ రండి."

ఇరవై ఏళ్లు మాస్టర్ పని చేసిన నేను చేసిన తప్పు అది. తప్పు ఎవరికీ చూపించకముందే బాగుచేసేశాను. మా పనిలో అది గొప్ప. డాక్టర్ల పనిలో అదే దెబ్బ కొట్టింది.

కాగితం కోసం మళ్లీ తినడం మొదలుపెట్టాను. మొదటి వారం పళ్లు బిగబట్టి గడిపాను. పదకొండో రోజు మధ్యాహ్నం, బామ్మర్ది నడిపే సాంచా దగ్గర వంగి ఉన్నాను. పేకను అటూ ఇటూ మోసే నాడెను విసిరే కట్టె ఒకటి ఉంటుంది, దాని నట్టు సరిచేస్తున్నాను. సగం బిగించానో లేదో కడుపులో మెలితిప్పింది. పానా అక్కడే వదిలేసి పరుగెత్తాను. నట్టు పూర్తిగా బిగించానా లేదా అన్న ఆలోచన కూడా రాలేదు. మాస్టర్ పక్కకు పోయాడంటే పని అయిపోయిందని అర్థం. వాడు సాంచా వేశాడు.

నాడె కొనలకు ఇనుప ములుకులుంటాయి. అది దారి తప్పి ఎగిరి, వాడి చెవి పక్కనుంచి దూసుకుపోయి వెనకనున్న రేకు బీరువాకు సొట్ట పెట్టింది. నేను తిరిగొచ్చేసరికి సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. అంత నిశ్శబ్దం ఆ కార్ఖానాలో పండగ సెలవులప్పుడు తప్ప నేను వినలేదు. బామ్మర్ది చెవి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నెత్తురు లేదు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు.

శేఠ్ మెట్లు దిగి వచ్చాడు. బీరువా చూశాడు, నట్టు చూశాడు, నన్ను చూశాడు. "మాస్టర్, ఇక చాలు" అన్నాడు. నా నౌకరీ అక్కడితో సరి అనుకున్నాను. అప్పుడు స్టూలు మీదున్నవాడు లేచాడు.

"శేఠ్, తప్పు ఆయనది కాదు. ఆయనకు బాధా ఉంది."

గుజరాతీలో బాధా అంటే మన మొక్కు. కోరిక తీరేదాకా ఇష్టమైన తిండి ఒకటి మానేస్తారు. ఒకరు బెల్లం, ఒకరు మామిడిపండు, ఒకరు చాయ్.

"బిడ్డకు నౌకరీ దొరికేదాకా గోధుమ ముట్టనని మొక్కుకున్నాడు" అని బామ్మర్ది చెప్పుకుపోయాడు. "డాక్టరమ్మ పరీక్ష అని బలవంతంగా తినిపించింది. మొక్కు తప్పింది. అందుకే నాడె ఎగిరింది."

శేఠ్ ముఖం మారిపోయింది. "ఎన్ని రోజులు తిన్నాడు?" అని మెల్లగా అడిగాడు. పదకొండు అని చెప్పాడు వీడు. "పదకొండు రోజులు తప్పితే ఒక్క నాడె ఎగిరి ఊరుకుందంటే అదృష్టం" అని శేఠ్ కొబ్బరికాయ తెప్పించి ఆ సాంచా ముందు కొట్టించాడు. చిట్ఠీ మాట మళ్లీ ఎత్తలేదు.

బయటికొచ్చాక వాణ్ని పట్టుకున్నాను. "అరే, గంత అబద్ధం ఎందుకు చెప్పినవ్ రా?"

"నిజం నువ్వు మూడు నెలల సంది చెప్తనే ఉన్నవ్ గద బావా. ఎవలన్న ఇన్నరా?"

ఆలోచిస్తే వాడు చెప్పినదాంట్లో దేవుడు తప్ప మిగతాదంతా నిజమే. గోధుమ తిన్నాను కాబట్టే పరుగెత్తాను, పరుగెత్తాను కాబట్టే నట్టు వదులైంది, నట్టు వదులైంది కాబట్టే నాడె ఎగిరింది. ఇంటికెళ్లి చెప్తే నా భార్య భయపడింది. "దేవునితోని పరాచికాలాడుతరా?" అని పటం ముందు నిలబెట్టి నాతో చెంపలు వేయించింది. డాక్టర్ దగ్గరికి మళ్లీ పోలేదు.

ఇక్కడినుంచే నాకు వింతగా అనిపించే సంగతులు మొదలయ్యాయి. మా జొన్నలు పట్టించే గిర్ని వాడికి అంతకుముందు ఎన్నోసార్లు చెప్పాను, గోధుమలు పట్టిన వెంటనే నావి పోయవద్దని. "చిటికెడు పిండితో ఏమైపోతావు మాస్టర్?" అనేవాడు. మొక్కు సంగతి తెలిశాక వాడే పొద్దున్నే ముందుగా గిర్ని తుడిచి, మొదటి పిడికెడు పిండి తీసి పారేసి, అప్పుడు నా జొన్నలు పట్టేవాడు. మాకు తెలియని సంగతేం కాదిది. ఎర్ర పేక తీసి తెల్ల పేక ఎక్కిస్తే మొదటి మూరెడు బట్టలో ఎరుపు ఛాయ కనిపిస్తుంది. జబ్బు కోసం ఎవరూ గిర్ని తుడవలేదు, మొక్కు కోసం తుడిచారు.

మూడో వారంలో బా నన్ను పైకి పిలిపించింది. మధ్యాహ్నం అన్నంలోకి మా అందరికీ దాల్ పంపించడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. చేతిలో ఇంగువ డబ్బా పట్టుకుని కూర్చుని ఉంది. ముఖం వాడిపోయి ఉంది.

"ఈ హింగ్‌లో గోధుమపిండి కలుపుతారట, దుకాణం వాణ్ని అడిగి తెలుసుకున్నాను" అంది. "ఇన్నాళ్లూ నీ మొక్కు నా దాల్ వల్ల తప్పుతోంది. ఆ పాపం నాది."

వారానికి ఒకటో రెండో పడే ఇంటూలకు కారణం దొరికింది, ఇంగువ చేయి జారి ఎక్కువ పడిన రోజులవి. నెలల తరబడి నట్టు నట్టు తిప్పిన నాకు దొరకనిది, వంటింట్లో కూర్చున్న ఆమెకు మూడు వారాల్లో దొరికింది. రోగం అనుకుంటే చిటికెడుకు ఏం కాదనిపిస్తుంది. మొక్కు అనుకుంటే చిటికెడుతో కూడా తప్పుతుంది. ఆ రోజునుంచి ఇంగువ వేయకముందే నా వాటా దాల్ చిన్న గిన్నెలోకి తీసి, మూత పెట్టి పంపేది. తెచ్చేది కోడలు. సన్నటి పిల్ల, పాలిపోయిన ముఖం. దిగేటప్పుడు బాగానే దిగేది, ఎక్కేటప్పుడు సగం మెట్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకునేది. "నెయ్యి రాసి నాలుగు రొట్టెలు పెడతాను, ఒంటికి పట్టవు. ఈ కాలం పిల్లలకు పని అంటే బద్ధకం" అనేది బా. నేను తలూపేవాణ్ని. ఆ తలూపడం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపమొస్తుంది.

ఏడేళ్లు అలా గడిచాయి. స్తంభం మీద సుద్ద గుర్తులు మానేశాను, అవసరం లేకపోయింది. ఆదివారం పిల్లలతో డుమస్ సముద్రపొడ్డుకు పోతే ఏ బండి దగ్గర ఏది తినొచ్చో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని. చలికాలం వస్తే సూరత్‌వాళ్లు పొంక్ అంటూ ఎగబడి కొనుక్కునేది మా ఊచబియ్యమే, లేత జొన్న గింజలు కాల్చి నలిచినవి. అవి నాకు పడతాయి కాబట్టి ఆ రెండు నెలలూ నాకు పండగ.

ఇంతలో మా పెద్ద బిడ్డ నర్సు చదువు పూర్తిచేసింది, దవాఖానాలో నౌకరీ దొరికింది. నేను పైకెళ్లి చెప్పేలోపే బామ్మర్ది సందంతా పేడా మిఠాయి పంచేశాడు. నాకు సంతోషంలో అసలు సంగతి తట్టలేదు. కోరిక తీరితే మొక్కు విడవాలి.

దీపావళికి ఆగిన సాంచాలు గుజరాతీవాళ్ల లాభ్ పాంచమ్ నాడు, అంటే కార్తీక శుద్ధ పంచమికి, మళ్లీ మొదలవుతాయి. ఆ రోజు సాంచాలకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లాప్సీ పంచుతారు. లాప్సీ అంటే గోధుమ రవ్వ, నెయ్యి, బెల్లం. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా కిందికి దిగని బా, ఆ పొద్దున గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగి వచ్చింది. చేతిలో ఒక గిన్నె, రెండు చెంచాలు.

"మాస్టర్, ముందు నువ్వు తిను, తర్వాత నేను" అంది. "నీ బిడ్డ ఆఖరి పరీక్షలప్పటినుంచి నేనూ బెల్లం మానేశాను. నువ్వు ఒక్కడివే మోస్తున్నావని. ఈరోజు ఇద్దరం విడుద్దాం."

బా చాయ్‌లో కూడా బెల్లమే వేసుకునే మనిషి.

చెంచా చేతిలోకి తీసుకున్నాను. తింటే నాలుగు రోజులు అవస్థ పడతాను, అంతే కదా అనుకున్నాను. కానీ ఇంకో పావుగంటలో సాంచాలు వేయాలి. సెలవుల తర్వాత ఇరవై నాలుగూ నా చేయి పడందే కదలవు. బామ్మర్ది నాడె ఎగిరిన ఆ సాంచా దగ్గరే నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి వాడికి అర్థమైంది. "బావా, మొక్కును చిన్న బిడ్డ పెండ్లి దాకా పెంచుదమా? చెప్పాల్నా?" అని తెలుగులో మెల్లగా అడిగాడు. నేను తలూపితే చాలు, ఇంకో ఏడేళ్లు హాయిగా గడిచేవి. బా ముఖం చూశాను. పెంచితే ఆమె కూడా బెల్లం మానుకునే ఉంటుంది.

"వద్దురా" అన్నాను. చెంచా గిన్నెలో పెట్టేశాను.

"బా, నేను ఏ దేవుడికీ మొక్కలేదు. గోధుమ నా ఒంటికి పడదు. డాక్టర్ కాగితం ఇవ్వలేదు. కాగితం లేకపోతే నౌకరీ పోతుందని ఈ అబద్ధం నడిపించాను."

బా నన్నే చూస్తూ ఉంది.

"ఏడేళ్లు నీ గిన్నె వేరే పెట్టాను."

"అవును బా."

"నీ పేరు చెప్పి దీపం పెట్టాను."

ఆమె గిన్నె స్టూలు మీద పెట్టి, వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. బెల్లం ముట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "ముందు సాంచాలు చూడు" అని శేఠ్ కూడా వెళ్లిపోయాడు.

పానా పట్టుకుని మొదటి సాంచా దగ్గర వంగాను. ఏం చూస్తున్నానో నాకే తెలియదు. పక్కన ఎవరో నిలబడ్డట్టనిపించింది. కోడలు. ఎంగిలి గిన్నెలు ఏరుకునే వంకతో ఆగిపోయింది. ఏడేళ్లలో నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటుందేమో.

"కాకా, తింటే మీకు ఏమవుతుంది?"

చెప్పాను, ఆడపిల్లకు చెప్పగలిగినంత వరకు.

"నోట్లో పుండ్లు కూడానా?"

"అవును."

"మతిమరుపు? మెట్లెక్కితే ఆయాసం?"

"ఆయాసం అంతగా లేదు గానీ, మిగతావన్నీ ఉండేవి."

"మానేశాక ఎన్ని రోజులకు తగ్గింది?" అంది.

అప్పుడు గాని నా బుర్రకు తట్టలేదు, ఆమె అడుగుతున్నది నా గురించి కాదని. సగం మెట్ల మీద కూర్చునే పిల్లను ఏడేళ్లు చూశాను. నేను మొక్కు అని కాకుండా జబ్బు అని చెప్పి ఉంటే, ఈ ప్రశ్న ఏడేళ్ల కిందటే అడిగి ఉండేది. పానా కింద పెట్టాను.

"బేటీ, రేపటినుంచి మానేద్దామనుకుంటున్నావు కదా? మానకు. ముందు పరీక్ష చేయించుకో. తింటూ ఉండగానే. సాంచా ఆడుతుంటేనే తప్పు దొరుకుతుంది. నేను బంద్ చేసి వెతికాను, అందుకే నాకు ఈరోజుకీ పేరు దొరకలేదు."

ఆమె తలూపి వెళ్లింది. ఈ పుస్తకం చదివే పిల్లలకూ అదే చెప్తున్నాను. ఒంటికి ఏదో పడటం లేదని అనుమానం వస్తే, మానేయాలన్న ఆత్రం మీకూ ఉంటుంది. ముందు డాక్టర్‌కి చూపించండి.

మరునాడు నా డబ్బాలో అన్నం, నిమ్మకాయ తప్ప ఏమీ తెచ్చుకోలేదు. దాల్ వస్తుందని ఆశ లేదు. కోడలు ఎప్పటిలాగే చిన్న గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది. మూత తీశాను. ఇంగువ వాసన లేదు. "బాకు తెలుసా?" అని అడిగాను. "ఆమే తీసి పెట్టారు" అంది. అంతమంది ముందు నాకు కన్నీళ్లు ఆగలేదు. బామ్మర్ది కూడా ఆటపట్టించలేదు.

కోడలి భర్త ఆమెను పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తం పరీక్ష, గొట్టం పరీక్ష, అన్నీ అయ్యాయి. ఒకరోజు ఇద్దరూ కాగితం పట్టుకుని కిందికి వచ్చారు. సీలియాక్ అని అచ్చు అక్షరాల్లో ఉంది. ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాను. ఆ పిల్ల కష్టానికి కారణం దొరికిందని సంతోషించాను. నిజం చెప్పాలంటే కొంచెం కుళ్లుకున్నాను కూడా. నాది అదేనా, ఇంకోటా? మా బిడ్డ ఇప్పటికీ అంటుంది. "నాయినా, ఆరు వారాలు తిను, టెస్ట్ చేపిద్దాం." వద్దంటాను. కానీ తెలుసుకోవాలని మాత్రం ఉంది. తీరిగ్గా కూర్చుంటే అదే ఆలోచన.

ఆ సాయంత్రమే బా నన్ను పైకి పిలిచింది. ఆమె ముందు పళ్లెంలో బెల్లం ముక్క ఉంది. "నేను నిజంగానే మానేశాను, నీ బిడ్డకు నిజంగానే నౌకరీ వచ్చింది. నీ అబద్ధంతో దానికి పనిలేదు" అని ఆ ముక్క నోట్లో వేసుకుంది.

మరుసటి లాభ్ పాంచమ్ కార్ఖానాలో నాకు ఆఖరిది. ఆ ఏడు బా రెండు రకాల లాప్సీ చేయించింది. అందరికీ గోధుమది, నాకూ కోడలికీ చిన్న గిన్నెలో జొన్నరవ్వది. పూజకు శేఠ్ బంధువులు వచ్చారు. వాళ్లలో ఒక పెద్దావిడ కోడలి పళ్లెం చూసి, పెద్ద గిన్నెలోంచి ఒక చెంచా తీసి ఆమె నోటి దగ్గర పెట్టింది.

"వద్దు మామీ, నాకు పడదు. డాక్టర్ కూడా చెప్పారు" అని కోడలు జబ్బు పేరు కూడా చెప్పింది.

"డాక్టర్లకేం, రోజుకో కొత్త రోగం చెప్తారు. ప్రసాదం, ఒక్క చెంచాకు ఏమైపోతావు?" అని ఆవిడ చెంచా ఇంకా ముందుకు జరిపింది. కాగితం పై ఇంట్లో బీరువాలో ఉంది. అది ఇక్కడ పనికొచ్చేలా లేదు. కోడలు పెదాలు బిగించి బా వైపు చూసింది.

కుర్చీలో కూర్చున్న బా గొంతు సవరించుకుంది.

"దానికి బాధా ఉంది."

ఆవిడ చేయి అక్కడే ఆగిపోయింది. చెంచాను కళ్లకద్దుకుని వెనక్కి తీసుకుంది. "ముందే చెప్పొద్దా? పాపం తగిలేది నాకు" అంది. తర్వాత ఆత్రం ఆపుకోలేక, "ఏం కోరుకుందేమిటి?" అని అడిగింది.

"అది బయటికి చెప్పకూడదు" అంది బా.

సాంచా వెనక బామ్మర్దికి పొలమారింది. నేను తల వంచుకుని పళ్లెంలోకి చూస్తున్నాను. బా నా వైపు చూడకుండానే జొన్న లాప్సీ గిన్నె ముందుకు జరిపింది.

"ఇంకో చెంచా వెయ్యనా మాస్టర్?"

"వెయ్యండి బా" అన్నాను.